గుత్తకు బోటు మాట్లాడుకుని స్నార్కెలింగ్: ఓరుగల్లు నుంచి అండమాన్ వెళ్లే కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

మేము అండమాన్ వెళ్లొచ్చిన దగ్గర నుంచి హనుమకొండ, కాజీపేట, కరీంనగర్‌లలో తెలిసినవాళ్లు ఎక్కడ కలిసినా అవే ప్రశ్నలు అడుగుతున్నారు. "ఈత రాకున్నా దిగొచ్చా?" "టికెట్ బోటు చాలా, మొత్తం బోటు మాట్లాడుకోవాలా?" "మోసపోకుండా ఏం అడగాలె?" ఒక్కొక్కరికి ఫోన్లో సగం సగం చెప్పే బదులు అంతా వరసగా రాసిపెడుతున్నాను.

స్నార్కెలింగ్ అంటే ముఖానికి అద్దం మాస్క్, నోట్లో గొట్టం పెట్టుకుని నీటి మీద బోర్లా తేలుతూ కింద ఉన్న పగడాలను, చేపలను చూడటం. లోపలికి మునగాల్సిన పని లేదు.

నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి బోటు మాట్లాడేటప్పుడు ధర తప్ప ఇంకేమీ అడగలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు తీసుకెళ్లారు. అప్పటికే సముద్రం వెనక్కి తీసింది, పగడాల మీద మోకాలి లోతు నీళ్లే మిగిలాయి. మా తమ్ముడి మోకాళ్లు రెండూ గీసుకుపోయాయి. అమ్మ మాస్క్‌లోకి నీళ్లు వస్తుంటే చూసే మనిషి నీళ్లలో లేడు. రెండోసారి అదే దీవిలో అమ్మ 40 నిమిషాలు నీళ్ల మీద నిమ్మళంగా ఉంది. తేడా అంతా మేం ముందుగా అడిగిన ప్రశ్నల్లో, ఎంచుకున్న గంటలో ఉంది. గుత్తకు, అంటే బోటు మొత్తం మనకే, మాట్లాడుకుంటే మన చేతికి వచ్చేది సమయం. దాన్ని ఎప్పుడు, ఎక్కడ వాడుకోవాలో తెలిస్తేనే పెట్టిన డబ్బు గిట్టుబాటు అవుతుంది.

1. ముందు తేల్చుకోండి: గుత్త బోటు మీకు అవసరమా?

ఇప్పటికీ అందరూ హేవ్‌లాక్ అనే పిలిచే స్వరాజ్ ద్వీప్‌లో జెట్టీ నుంచి ఎలిఫెంట్ బీచ్‌కు టికెట్ బోట్లు నడుస్తాయి. గైడ్ మిమ్మల్ని రబ్బరు ట్యూబు పట్టించి కాసేపు తిప్పి తెస్తాడు. ఇద్దరే వెళ్తూ, ఒకసారి రుచి చూస్తే చాలనుకుంటే అది సరిపోతుంది. గుత్త బోటుకు డబ్బు పెట్టకండి.

ఐదారుగురు ఉండి, అందులో పిల్లలో పెద్దవాళ్లో ఉంటే మాత్రం బోటు మొత్తం మాట్లాడుకోవడమే నయం. పెద్దవాళ్లకు మాస్క్ అలవాటు కావడానికే పావుగంట పడుతుంది. టికెట్ బోటులో ఆ పావుగంట దొరకదు, వెనక ఇంకో గుంపు నిలబడి ఉంటుంది.

జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవుల సంగతి వేరు. అవి వండూర్ దగ్గర మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలోవి. అనుమతి ఉన్న బోట్లలోనే వెళ్లాలి, ప్లాస్టిక్ సీసాలు తీసుకెళ్లనివ్వరు. అక్కడికి సొంతంగా బోటు మాట్లాడిపెడతానని ఎవరైనా అంటే నమ్మకండి.

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఆస్తమా, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ను అడిగాకే నీళ్లలో దిగాలి. గొట్టంతో ఊపిరి తీయడం మామూలు ఊపిరి కన్నా కష్టం. దానికి భయం తోడైతే గుండె మీద భారం పడుతుంది. అలాంటివాళ్లు బోటులోనే కూర్చుని చూసినా యాత్ర వృథా కాదు. మా పెద్దనాన్న అట్లాగే కూర్చుని, ఒకరి తర్వాత ఒకరిని లెక్కపెట్టే పని తన మీద వేసుకున్నారు. ఆ పనికి ఒక మనిషి నిజంగానే కావాలి, ఎందుకో తర్వాత చెప్తాను.

2. తేదీ: గోడ మీది క్యాలెండర్ చూసి పెట్టుకోండి

అండమాన్ సముద్రం శాంతంగా ఉండేది డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ వరకు. మే నుంచి నైరుతి రుతుపవనాల వానలు, గాలి. అక్టోబర్, నవంబర్‌లలో తుపానుల భయం. మన బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి కాబట్టి చాలామంది మే నెలకు టికెట్లు తీసుకుంటారు. పిల్లలకు రెండు రోజులు బడి పోయినా సరే, సంక్రాంతి సెలవులకో ఫిబ్రవరికో పెట్టుకోండి.

నెల కుదిరాక తిథి చూడండి. ఇది చాదస్తం కాదు, లెక్క. సముద్రం పైకి రావడం పోటు, వెనక్కి తీయడం ఆటు. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ప్రతి రోజూ ముందు రోజు కన్నా సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. పౌర్ణమికి, అమావాస్యకు సూర్యచంద్రులు ఒకే వరసలో లాగుతారు కాబట్టి పోటు పెద్దది, నీటి లాగుడు కూడా గట్టిది. అష్టమి, నవమి ప్రాంతంలో తేడా తక్కువ, ప్రవాహం మెత్తగా ఉంటుంది. కొత్తవాళ్లకు అష్టమి దగ్గరి రోజులే మంచివి.

మేడారం జాతర చూసుకుని అటు నుంచి అటే బయల్దేరే వాళ్లు ఇది గమనించాలి. జాతర జరిగేది మాఘ పౌర్ణమికి. పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు కూడా లాగుడు ఎక్కువే. అండమాన్‌లో మొదటి నాలుగైదు రోజులు జైలు, మ్యూజియం, బీచ్‌లు చూసి, స్నార్కెలింగ్‌ను చివరికి జరపండి.

రోజు కుదిరాక గంట. ఏ రోజు ఏ గంటకు పోటు వస్తుందో ఫోన్‌లోని టైడ్ యాప్‌లు చూపిస్తాయి, బోటు మనిషి నోటికే చెప్తాడు. పోటు నిండడానికి గంట ముందు నీళ్లలో ఉండాలి. అప్పుడు పగడాల మీద నీళ్లు తగినంత ఉంటాయి, బయటి సముద్రం నుంచి తేట నీళ్లు వస్తాయి, నిండిన కాసేపు ప్రవాహం దాదాపు నిలిచిపోతుంది. పోటు పొద్దున పడే రోజు దొరికితే ఇంకా మంచిది. ఉదయం గాలి తక్కువ. అక్కడ పొద్దు తొందరగా పొడుస్తుంది, డిసెంబర్‌లో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. కాబట్టి "మధ్యాహ్నం భోజనం చేసి పోదాం" అనే లెక్క అక్కడ కుదరదు.

అలల సంగతి తెలుసుకోవడానికి దూరం వెళ్లక్కర్లేదు. సముద్రం లేని మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ సంస్థ ఉంది. దేశం చుట్టూ సముద్రంలో అలలు ఎంత ఎత్తు వస్తాయో రోజూ వెబ్‌సైట్‌లో చెప్తుంది. పిల్లలు ఉన్నప్పుడు మీటరు దాటిన అల చూపిస్తే నేను ఆ రోజు వదిలేస్తాను.

ఇక టికెట్లు. మనకు విమానం శంషాబాద్ నుంచే. విమానం దిగే పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయ పురం అయింది, టికెట్ల మీద రెండు పేర్లూ కనిపించవచ్చు. అక్కడి నుంచి హేవ్‌లాక్‌కు ఫెర్రీలో సుమారు రెండు గంటలు. సముద్రం బాగోలేకపోతే ఫెర్రీ రద్దవుతుంది, అందుకే తిరుగు విమానానికి ముందు ఒక ఖాళీ రోజు తప్పకుండా ఉంచుకోండి.

3. నెల ముందు ఇంటి దగ్గర చేయాల్సిన పని

అసలు సగం పని ఇక్కడే. అక్కడికి పోయాక నేర్చుకుందాం అనుకున్నవాళ్లు మొదటి పది నిమిషాల్లోనే భయపడి పైకి వచ్చేస్తారు.

మాస్క్ సొంతంగా కొనుక్కోండి. అద్దెకు ఇచ్చేవి అందరి ముఖాలకూ కుదరవు. కుదిరిందో లేదో చూసే పద్ధతి ఇది: తాడు తలకు తగిలించకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి లోపలికి పీల్చి చేయి వదిలేయాలి. ఊపిరి బిగబట్టినంతసేపు మాస్క్ ముఖానికి అతుక్కుని ఉంటే కుదిరినట్టు. జారిపోతే ఎంత ఖరీదైనదైనా వద్దు. మా ఇంట్లో ఒకరోజు రాత్రి అన్నాలయ్యాక అందరం వరసగా కూర్చుని ఈ పరీక్ష చేశాం. బావకు ఒక్కటీ అతకలేదు. మీసం కింది నుంచి గాలి పోతోంది. మీసం మీద కాస్త వాజిలిన్ రాసి అద్దగానే అతుక్కుంది. కొత్త మాస్క్ అద్దానికి లోపల కంటికి కనిపించని పొర ఉంటుంది. తెల్ల టూత్‌పేస్టుతో వేలితో రుద్ది కడగాలి, లేకపోతే ఎంత తుడిచినా ఆవిరి పడుతూనే ఉంటుంది.

కళ్లజోడు పెట్టుకుని మాస్క్ పెట్టుకోలేరు, జోడు కాడ దగ్గర నీళ్లు కారతాయి. పవర్ అద్దాలున్న మాస్క్‌లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ముఖం మొత్తం కప్పేసే మాస్క్‌లు చవకగా దొరుకుతున్నాయి కానీ నేను వద్దంటాను. నాసిరకం వాటిలో వదిలిన గాలే మళ్లీ లోపలికి వస్తుంది, భయపడ్డప్పుడు గబుక్కున తీయడం కూడా కష్టం.

తర్వాత స్విమ్మింగ్ పూల్‌లో నాలుగైదు రోజులు సాధన చేయండి. నడుము లోతు చాలు. వరస ఇది:

- నిలబడి, మాస్క్ పెట్టుకుని, నీళ్లు లేకుండానే గొట్టంతో రెండు నిమిషాలు నోటితో ఊపిరి తీయడం. ముక్కును మరిచిపోవాలి.
- ముఖం మాత్రమే నీళ్లలో పెట్టి అదే పని. మెల్లగా, పొడుగ్గా ఊపిరి.
- గట్టు పట్టుకుని బోర్లా తేలడం.
- గొట్టంలోకి నీళ్లు వచ్చినప్పుడు "తూ" అని గట్టిగా ఊది బయటికి తోయడం.
- మాస్క్‌లోకి కావాలని కొంచెం నీళ్లు రానిచ్చి, పై అంచును నుదుటికి నొక్కిపట్టి, ముఖం పైకెత్తి, ముక్కుతో ఊదడం. నీళ్లు కింది అంచు నుంచి పోతాయి.
- లైఫ్ జాకెట్ వేసుకుని వెల్లకిలా తిరిగి ఆకాశం చూస్తూ పడుకోవడం.

చివరిది ఈత రాని వాళ్లకు అన్నిటికన్నా ముఖ్యం. ఏ ఇబ్బంది వచ్చినా వెల్లకిలా తిరిగితే నోరు, ముక్కు గాలిలో ఉంటాయన్న నమ్మకం ఒంటికి ఎక్కాలి.

చిన్నప్పుడు నడుముకు డబ్బా కట్టుకుని వ్యవసాయ బావిలో ఈత నేర్చినవాళ్లు మన దగ్గర ఎక్కువ. వాళ్లు కూడా ఈ సాధన చేయాలి. బావి ఈతలో తల పైకి, కాళ్లు కిందికి ఉంటాయి. పగడాల మీద కాళ్లు కిందికి పడితే గీసుకుపోతాయి. బావి నీళ్లు కదలవు, సముద్రం లాగుతుంది. సాధన పేరుతో పాకాల, లక్నవరం, భద్రకాళి చెరువుల్లో మాత్రం దిగకండి. అడుగు కనిపించని నీళ్లలో నేర్చుకునేది ఏమీ ఉండదు, ప్రమాదం తప్ప.

4. బోటు మాట్లాడటం

హేవ్‌లాక్‌లో రిసార్టు వాళ్లు, డైవింగ్ షాపులు, జెట్టీ దగ్గరి బోటు యజమానులు బోట్లు ఇస్తారు. ఎక్కువమంది బెంగాలీలు, హిందీ చాలు, "దాదా" అని పలకరిస్తే దగ్గరవుతారు. పోర్ట్‌బ్లెయిర్‌లో అయితే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది, తెలుగులోనే మాట్లాడుకోవచ్చు.

ఇంటి నుంచే పూర్తి డబ్బు పంపకండి. కొంత అడ్వాన్స్ ఇచ్చి, మిగతాది తిరిగొచ్చి ఒడ్డున దిగాక. వీలైతే దీవికి చేరిన సాయంత్రం బోటును, నడిపే మనిషిని కళ్లతో చూశాకే మాట ఖాయం చేయండి. మధ్యలో ఏజెంటు ఉంటే "రేపు బోటులో వచ్చేది ఎవరు? ఒకసారి ఆయనతో మాట్లాడించండి" అని అడగండి. నడిపే మనిషి నెమ్మదిగా, ఓపిగ్గా జవాబు చెప్తే సగం టెన్షన్ పోతుంది. తొందరపెడితే ఇంకొకరిని చూసుకోండి.

అడగాల్సినవి:

- ధర మనిషికా, బోటుకా? ఎన్ని గంటలకు? గంట దాటితే ఎంత?
- అందులో డీజిల్, మాస్క్, లైఫ్ జాకెట్, గైడ్, జెట్టీ రుసుము అన్నీ ఉన్నాయా?
- బోటుకు రిజిస్ట్రేషన్, ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉన్నాయా? ఎంతమందికి?
- బోటులో మేం తప్ప ఇంకెవరైనా ఎక్కుతారా?
- రేపు పోటు ఎన్ని గంటలకు? మమ్మల్ని ఎన్నింటికి నీళ్లలో దించుతారు?
- నీళ్లలో మాతో ఎంతమంది దిగుతారు? అప్పుడు బోటులో ఎవరుంటారు?
- పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా?
- ఎక్కడానికి నిచ్చెన ఉందా? ఎండకు నీడ ఉందా?
- సముద్రం బాగోలేకపోతే రోజు మారుస్తారా, డబ్బు వాపస్ ఇస్తారా?

పోటు ప్రశ్న ఒక్కటి చాలు మనిషిని తెలుసుకోవడానికి. సముద్రం తెలిసినవాడు తడుముకోకుండా గంట చెప్తాడు. "ఎప్పుడైనా పర్వాలేదు" అంటే నేను లేచి వచ్చేస్తాను.

ఈత రాని ఇద్దరికి ఒక గైడ్ నీళ్లలో ఉండాలి. ఆరుగురిలో నలుగురికి ఈత రాకపోతే ఇద్దరు గైడ్‌లను అడగండి. బేరం ఆడటం మన అలవాటే, ఆడండి. ఫొటోల దగ్గర, భోజనం దగ్గర, రెండో చోటు చూపించే దగ్గర తగ్గించుకోండి. గైడ్‌ను తగ్గించి డబ్బు మిగుల్చుకోవద్దు.

అన్నీ ఒప్పుకున్నాక వాట్సాప్‌లో నాలుగు వరుసలు పంపి "సరే" అనిపించుకోండి: తేదీ, గంట, ఎంతమంది, ఎంత డబ్బు, అందులో ఏమేం ఉన్నాయి, సముద్రం బాగోలేకపోతే ఏం చేస్తారు. తగాదా కోసం కాదు, మర్నాడు ఇద్దరికీ గుర్తుండటానికి.

5. ముందు రోజు సాయంత్రం

కొంచెం నగదు దగ్గర ఉంచుకోండి, దీవిలో నెట్‌వర్క్‌ను పూర్తిగా నమ్ముకోలేం. రాత్రి మద్యం వద్దు, ఉదయం అసలే వద్దు. వాంతుల గుణం ఉన్నవాళ్లు బోటెక్కిన తర్వాత మాత్ర వేసుకుంటే పనిచేయదు, ముందే వేసుకోవాలి. ఏ మాత్ర, ఎంత ముందు అన్నది వరంగల్‌లోనే డాక్టర్‌ను అడిగి తెచ్చుకోండి. కొన్ని మాత్రలు నిద్రమత్తు తెస్తాయి, అలాంటిది వేసుకుని నీళ్లలో దిగకూడదు. ఉదయం రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. పూరీలు తిని బోటెక్కకండి, ఉత్త కడుపుతోనూ ఎక్కకండి.

బట్టల విషయం ముందే మాట్లాడుకోండి, లేకపోతే జెట్టీ మీద చర్చ మొదలవుతుంది. చీర, చున్నీ, జీన్స్ నీళ్లలోకి పనికిరావు. ఒంటికి అతుక్కునే పొడుగు చేతుల టీషర్టు, లెగ్గింగ్స్ ఆడవాళ్లకూ మగవాళ్లకూ మంచివి. బోర్లా తేలుతాం కాబట్టి మెడ వెనక, పిక్కల వెనక కాలిపోయేంత ఎండ తగులుతుంది. రామగుండం ఎండలకు అలవాటు పడ్డవాళ్లు కూడా దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సన్‌స్క్రీన్ రాస్తే జింక్ ఆక్సైడ్ రకం చూసి కొనండి. కొన్ని రకాల రసాయనాలు పగడాలకు చేటు చేస్తాయి.

ఉంగరాలు, గొలుసులు గదిలో తీసిపెట్టండి. నీళ్లలో వేళ్లు సన్నబడి ఉంగరం జారిపోతుంది. పుస్తెలతాడు తీయనంటే బలవంతం చేయకండి, మెడ వరకు ఉన్న బిగుతు టీషర్టు లోపల వేసుకుంటే లైఫ్ జాకెట్ పట్టీలకు చిక్కుకోదు. తలకు నూనె రాయొద్దు, కాటుక పెట్టొద్దు. రెండూ మాస్క్ లోపలికి దిగి కళ్లు మండుతాయి, అంచు జారుతుంది. జడ గట్టిగా వేసి, నుదుటి మీది వెంట్రుకలన్నీ వెనక్కి దువ్వాలి.

సంచిలో ఉండాల్సినవి:

- ఆధార్ కార్డు, మూత బిగుసుకునే వాటర్‌ప్రూఫ్ కవర్
- మనిషికి లీటరున్నర నీళ్లు (స్టీల్ సీసాల్లో), ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు
- తువ్వాళ్లు, మారు బట్టలు
- అల్లం మురబ్బా, అరటిపళ్లు
- బెటాడిన్, దూది, చిన్న పట్టకారు
- రోజూ వేసుకునే బీపీ, షుగర్ మందులు
- చెత్త తిరిగి తేవడానికి ఒక సంచి

6. జెట్టీ మీద పది నిమిషాలు

బోటు చూడగానే ఎక్కేయకండి. ఇంజన్ ఒకసారి స్టార్ట్ చేయించి వినండి. అడుగున నీళ్లు ఎంత నిలిచి ఉన్నాయో చూడండి. లైఫ్ జాకెట్లు మనుషులకు సరిపడా ఉన్నాయో మీరే లెక్కపెట్టండి.

జాకెట్‌కు బకిల్స్ అన్నీ పెట్టాక, ఇంకొకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. గదవ దాటి చెవుల దాకా వస్తే అది వదులు. నీళ్లలో మనిషి కిందికి, జాకెట్ పైకి పోతాయి. పిల్లలకు కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నది అడగండి.

బయల్దేరే ముందు బోటు మనిషితో మూడు మాటలు అనుకోండి. మనుషులు నీళ్లలో ఉన్నంతసేపు ఇంజన్ ఆపి ఉంచాలి. లంగరు ఇసుకలో వేయాలి, పగడాల మీద కాదు, కట్టడానికి తేలే బోయా ఉంటే దానికే కట్టాలి. ఎవరైనా చేయి పైకెత్తి ఊపితే వెంటనే రావాలి. తల మీద చేయి పెట్టుకుంటే "బాగున్నా" అని, చేయి ఊపితే "రండి" అని. ఇంట్లో అందరూ ఈ రెండు సైగలూ ఒకసారి చేసి చూపించాలి. సరదాకి చేయి ఊపొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

బోటులో వాంతి వచ్చేట్టుంటే వెనక వైపు డీజిల్ పొగ దగ్గర కూర్చోకండి. మధ్యలో కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి, దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీతను చూస్తూ ఉండండి.

7. నీళ్లలోకి దిగే వరస

మొదట గైడ్ దిగి లాగుడు ఎట్లా ఉందో చూస్తాడు. తర్వాత ఈత బాగా వచ్చిన మీ మనిషి ఒకరు. ఆ తర్వాతే మిగతావాళ్లు, ఒకరి తర్వాత ఒకరు, నిచ్చెన మీది నుంచి వెనక్కి తిరిగి. దూకడం వద్దు.

నీళ్లలో దిగాక వెంటనే పగడాల వైపు పోకండి. నిచ్చెన పట్టుకునే ముఖం నీళ్లలో పెట్టి పది ఊపిరులు తీయండి. మా అమ్మ మూడో ఊపిరికే తల పైకెత్తి "ఊపిరి ఆడ్తలేదురా, నన్ను పైకి తియ్యుండ్రి" అంది. గైడ్ ఆమె చేయి వదల్లేదు. "అమ్మా, మీరు లోపలికి తీస్తున్నరు, బయటికి వదుల్తలేరు, ముందు మొత్తం వదలండి" అని చెప్పమన్నాడు, నేను చెప్పాను. నిజమే, భయంతో గాలి పీల్చుకుంటూనే ఉంది. గొట్టం చుట్టూ పెదాలు మూసి, లోపల ఉన్న గాలంతా గొట్టంలోంచి మెల్లగా ఊదమన్నాం. నాలుగోసారికి భుజాలు కిందికి దిగాయి. ఆమె చూపుడు వేలు నీళ్లలో కదిలింది. కింద ఒక నీలం చిలుక చేప పగడాన్ని కొరుకుతోంది, ఆ టకటక మాకందరికీ వినిపించింది.

అలవాటయ్యాక ఇట్లా చేయండి:

- ముందు ప్రవాహానికి ఎదురుగా పోవాలి, తిరిగి వచ్చేటప్పుడు అదే తోసుకొస్తుంది. అలసిపోయాక ఎదురీదే పరిస్థితి రాకూడదు.
- తుంటి నుంచి కాళ్లు ఆడించాలి, సైకిల్ తొక్కినట్టు కాదు.
- ఐదు నిమిషాలకు ఒకసారి తలెత్తి బోటు ఎక్కడుందో చూడాలి. కింద చూస్తూ ఎంత దూరం పోయామో తెలియదు.
- ఇద్దరిద్దరు జతగా ఉండాలి.
- 30, 40 నిమిషాలకు పైకి వచ్చి నీళ్లు తాగి, ఒళ్లు వెచ్చబడ్డాక కావాలంటే మళ్లీ దిగాలి.

బోటులో ఉన్న పెద్దవాళ్ల పని ఇప్పుడు. నీళ్లలో ఎన్ని గొట్టాలు కనిపిస్తున్నాయో లెక్క తప్పకుండా చూస్తుండాలి. ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేసే ముందు ఆ మనిషే పేరుపేరునా పిలిచి అందరూ ఎక్కారని చెప్పాలి.

8. తరచూ వచ్చే ఇబ్బందులు, సర్దుకునే తీరు

మాస్క్‌లోకి నీళ్లు వస్తున్నాయి: చాలామంది తాడు ఇంకా బిగిస్తారు, దాంతో అంచు వంగి ఇంకా ఎక్కువ కారుతుంది. తాడు వదులు చేసి, అంచు కింద వెంట్రుక ఉందేమో చూడండి. నవ్వినా బుగ్గలు లేచి నీళ్లు వస్తాయి.

అద్దం మీద ఆవిరి: దిగే ముందు లోపలి వైపు ఉమ్ము రాసి, లేదా నీళ్లు కలిపిన బేబీ షాంపూ చుక్క రాసి, ఒకసారి సముద్రం నీళ్లలో ముంచి తీయండి. ఆ తర్వాత నుదుటి మీదికి ఎత్తి పెట్టుకోవద్దు, ఒంటి వేడికి మళ్లీ ఆవిరి పడుతుంది.

ఉప్పునీళ్లు మింగారు: తల పైకెత్తి, గొట్టం తీసి దగ్గండి, వెల్లకిలా తిరగండి. దగ్గు ఆగేదాకా గొట్టం మళ్లీ పెట్టుకోకూడదు. దగ్గు ఆగకపోయినా, ఆయాసం తగ్గకపోయినా నీళ్లలోంచి తీసి నేరుగా ఆసుపత్రికి. హేవ్‌లాక్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది, పెద్దాసుపత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే.

దవడ నొప్పి: గొట్టాన్ని పళ్లతో గట్టిగా కొరుకుతున్నారని అర్థం. పళ్లు ఆనితే చాలు, మూయాల్సింది పెదాలు.

పిక్క పట్టేసింది: వెల్లకిలా తిరిగి, కాలి వేళ్లను మీ వైపు లాగి పట్టుకోండి. జతలో ఉన్నవాళ్లు చేయి ఊపాలి.

లాగుడుకు దూరంగా పోయారు: ఎదురీదకండి. జాకెట్ మిమ్మల్ని తేల్చి ఉంచుతుంది. చేయి పైకెత్తి ఊపండి, బోటు వస్తుంది. బోటులో ఒక మనిషి ఉండాలని ముందు అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

జెల్లీఫిష్ తగిలింది: రుద్దకండి, మంచినీళ్లతో కడగకండి. సముద్రం నీళ్లతోనే కడిగి ఆరోగ్య కేంద్రానికి పోండి. సముద్రపు ముళ్లకాయ (సీ అర్చిన్ అనే ఒంటినిండా ముళ్లున్న జీవి) గుచ్చుకుంటే ముల్లు పిసకకుండా, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో కాలు పెట్టి వైద్యం చేయించుకోండి.

పై నుంచి లోపలికి మునుగుదామని కుర్రాళ్లకు అనిపిస్తుంది. జలుబు ఉంటే వద్దు. మునిగితే ముక్కు మూసి మెల్లగా ఊది చెవులు తెరుచుకునేట్టు చేయాలి. నొప్పి వస్తే పైకి రావాలి. గైడ్ లేకుండా ఇది చేయొద్దు.

9. పగడాలు, మొసళ్లు, చట్టం

పగడం రాయిలా కనిపిస్తుంది కానీ ప్రాణి. కోట్ల చిన్న జీవాలు కట్టుకున్న ఇల్లు. దాని మీద నిలబడితే అవి చచ్చిపోతాయి, మన కాలికి తగిలిన గీత కూడా తొందరగా మానదు. నిలబడాల్సి వస్తే ఇసుక చూసుకుని నిలబడండి. చేపలకు బిస్కెట్లు, బ్రెడ్డు వేయకండి, గైడ్ వేసినా వద్దనండి. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు చాలావరకు తెల్లబడి దెబ్బతిన్నాయి. మిగిలినవి మన పిల్లలు కూడా చూడాలి.

అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో హేవ్‌లాక్‌లోనే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. మడ అడవుల దగ్గర, వాగు సముద్రంలో కలిసే చోట, తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడు దిగకండి. హెచ్చరిక బోర్డు ఉన్న చోట "ఈమధ్య ఎవరికీ ఏం కాలేదు" అని బోటు మనిషి చెప్పినా దిగకండి.

ఒడ్డున పడి ఉన్న చచ్చిన పగడం ముక్క కూడా సంచిలో వేసుకోకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం పగడాలకు పులికి ఉన్నంత రక్షణ ఉంది. కొన్ని రకాల గవ్వలు, శంఖాలకూ వర్తిస్తుంది. విమానాశ్రయంలో స్కానింగ్‌లో పట్టుకుంటారు. పిల్లల జేబులు గదిలోనే చూసుకోండి.

10. ఒడ్డుకు వచ్చాక

మిగతా డబ్బు ఇవ్వండి. గైడ్ బాగా చూసుకుంటే అతని చేతికి వేరుగా కొంత ఇవ్వండి, బోటు డబ్బులోంచి అతనికి ఎంత ముడుతుందో మనకు తెలియదు.

మాస్క్, గొట్టం మంచినీళ్లలో నానబెట్టి నీడలో ఆరేయండి, ఎండలో రబ్బరు చెడిపోతుంది. చెవుల్లో నీళ్లు ఉంటే తల పక్కకు వంచండి, పుల్లలు పెట్టకండి. ఓఆర్‌ఎస్ తాగి, ఆ మధ్యాహ్నం ఇంకో కార్యక్రమం పెట్టుకోకుండా పడుకోండి. సాయంత్రానికి ఎవరికైనా ఆయాసం, గురగుర, ఆగని దగ్గు ఉంటే తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్‌కు చూపించండి.

స్నార్కెలింగ్ చేసిన రోజే విమానం ఎక్కినా ఇబ్బంది లేదు. స్కూబా డైవింగ్ కూడా చేసి ఉంటే మాత్రం విమానానికి కనీసం 18 గంటల ఎడం ఉండాలి. రెండూ చేయాలనుకునేవాళ్లు స్కూబాను ముందు రోజుకు, స్నార్కెలింగ్‌ను ఆ తర్వాతి రోజుకు పెట్టుకోండి.